ఇంకా సాక్ష్యం కాని కష్టాలు

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. ఒకరు లేచి కొడుకు జ్వరం తగ్గిందని చెబుతారు. ఇంకొకరు ఆగిపోయిన జీతం చేతికొచ్చిందంటారు. సూరత్ నుంచి తమ్ముడు క్షేమంగా ఇల్లు చేరాడని మరొకరు స్తోత్రం చెబుతారు. సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆ మాటలు నిజమే, ఆ సంతోషమూ నిజమే. కానీ పక్క వరసలో అదే చాప మీద ఇంకా ఏమీ తేలని మనిషి కూడా కూర్చుని ఉంటుంది. విశాఖ వెళ్లి స్కాన్ తీయించుకుంది, రిపోర్టు రాలేదు. అప్పు తీరలేదు. కూతురి సంబంధం మాటల దగ్గరే ఆగింది. లేచి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కష్టం గట్టెక్కాకే సాక్ష్యం అవుతుంది, నడుస్తున్నంతకాలం అది ఒట్టి కష్టమే.

ఆందోళన కాలంలో విశ్వాసం మనిషిని నిలబెడుతుందా అన్న ప్రశ్నకు జవాబును ఈ రెండో మనిషి దగ్గరే వెతకాలి. గట్టెక్కినవాళ్లకు దేవుణ్ణి స్తుతించడం కష్టం కాదు. ఫలితం తెలియని ఆ మూడు వారాలు, మూడు నెలలు, ఒక్కోసారి మూడేళ్లు ఎలా గడుస్తాయన్నదే అసలు విషయం.

ఈ సరిహద్దులో ఎదురుచూపుకు కొదవ లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. ఆరేళ్లలో మూడు తుఫాన్లు, మూడూ అక్టోబరు రెండో వారంలోనే. అందుకే దసరా దగ్గర పడుతుంటే తీరం పక్క ఊళ్లవాళ్ల చూపు ఆకాశం మీదే ఉంటుంది. ‘ఏటవుద్దో ఏటో’ అన్న మాట ఆ రోజుల్లో ఎన్ని నోళ్ల నుంచి వినపడుతుందో.

తుఫాను కనీసం రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. వలస అలా తేలేది కాదు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల దాకా ఏళ్ల తరబడి సాగుతున్న దారి ఉంది. 2020లో లాక్‌డౌన్ పడినప్పుడు ఆ దారి ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. వేల మంది ఇళ్లకు వచ్చి, ఊరి బడిలో క్వారంటైన్‌లో పడుకుని, మళ్లీ ఎప్పుడు పని దొరుకుతుందో తెలియక గడిపారు. వైద్యం విషయానికొస్తే, రాయగడ, కొరాపుట్ వైపువాళ్లు పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి విశాఖ వెళతారు. రాష్ట్రం మారితే భాష మారుతుంది, ఇక్కడి ఆరోగ్య కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో కౌంటరు దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. జబ్బు కంటే ముందు ఆ క్యూలోనే మనిషి సగం నీరసించిపోతాడు.

చితికీ చింతకూ ఒక్క సున్నాయే తేడా అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. చితి చచ్చినవాణ్ణి కాలుస్తుంది, చింత బతికున్నవాణ్ణి కాలుస్తుంది. ఇప్పుడు దాన్నే టెన్షన్ అంటున్నాం. తెలుగు బైబిల్లో మాత్రం ఆ పాత మాటే ఉంది. ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అన్న యేసు మాట సంఘంలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఆ వచనం చివర ఉన్న మాట అంత తరచుగా వినపడదు: ‘ఏనాటికీడు ఆనాటికి చాలును.’ కీడు ఉండదన్న భరోసా అందులో లేదు. ప్రతి రోజుకీ దాని కీడు ఉంటుందని ఒప్పుకుంటూనే, రేపటి కీడును ఈరోజే నెత్తికెత్తుకోవద్దంటోంది. అప్పుల్లో ఉన్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. ‘అంతా బాగుంటుంది’ అని చెబితే ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు. ‘ఈ పూట సంగతి చూద్దాం’ అంటే లేచి పొయ్యి వెలిగించగలరు.

విశ్వాసమంటే ధైర్యంగా కనిపించడమేనని అనుకునేవాళ్లు బైబిల్లో కీర్తనల గ్రంథాన్ని ఓపిగ్గా చదవాలి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొర పెట్టుకునేవే. 13వ కీర్తన ‘యెహోవా, ఎన్నాళ్లవరకు’ అని నిలదీస్తూ మొదలవుతుంది. ఎన్నాళ్లు అన్న ప్రశ్న అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. అయినా ఆ కీర్తన పాటతోనే ముగుస్తుంది. 88వ కీర్తనకు ఆ ముగింపు కూడా లేదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న దగ్గర ఆగిపోతుంది. ఓదార్పు లేదు, జవాబు లేదు, స్తుతి లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. వేల ఏళ్లుగా యూదులూ క్రైస్తవులూ ఆ మాటలను ప్రార్థనగానే చదువుతున్నారు. తేలని కష్టంలో ఉన్న మనిషికి ఇంతకంటే పెద్ద అనుమతి మరొకటి ఉండదు. తన చీకటిని దేవుడి ముఖం మీదే చెప్పవచ్చు, అదీ ప్రార్థనే అవుతుంది.

ఏలీయా కథ దగ్గర కూడా కాసేపు ఆగాలి. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన ప్రవక్త, మరుసటి అధ్యాయంలోనే ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. ఇవాళ ఎవరైనా అలా అంటే ‘విశ్వాసివై ఉండి ఆ మాటలేంటి’ అని గద్దించేవాళ్లు చుట్టూ చాలామందే ఉంటారు. ఆ కథలో దేవుడు గద్దించలేదు. అతన్ని నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తిను అన్నాడు. ఉపదేశం తర్వాత సంగతి, ముందు తిండి, నిద్ర. రాత్రుళ్లు ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు వచనం పంపే ముందు టిఫిను క్యారేజీ పంపాలని సంఘంలోని ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అది వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు.

గెత్సేమనే తోటలో యేసు కూడా మరణమంత దుఃఖంలో ఉన్నానని శిష్యులతో చెప్పుకున్నాడు, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. భయపడడమే అవిశ్వాసమైతే ఆ రాత్రికి అర్థమే ఉండదు.

పేతురు పత్రికలో ‘మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అని ఉంది. ఇక్కడ ‘వేయుడి’ అన్న చోట మూల గ్రీకులో వాడిన క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే కనిపిస్తుంది. యేసు యెరూషలేముకు వెళ్లే ముందు శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేశారని లూకా రాసిన చోట. మోస్తున్నదాన్ని ఇంకొక వీపు మీదికి మార్చడం, అంతే. సంతకు తట్ట మోసుకెళ్లేవాళ్లకు ఈ పోలిక విప్పి చెప్పాల్సిన పని లేదు. తట్టలో బరువు తగ్గదు, మోసే వీపు మారుతుంది. పైగా ఆ వాక్యంలో ఉన్నది ‘మీ’ చింత. పత్రిక రాసింది ఒక్కరికి కాదు, చెదిరి ఉన్న సంఘాలకు. నలుగురు కలిసి చేయాల్సిన పని అది.

మనస్తత్వ శాస్త్రం ఈ విషయాన్ని తన పద్ధతిలో పరిశీలించింది. కష్టంలో మతాన్ని మనుషులు ఎలా ఆసరా చేసుకుంటారన్నది అమెరికన్ మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఆయన బృందం మూడు ధోరణులను గుర్తించింది. కొందరు భారమంతా తామే మోస్తారు. కొందరు అంతా దేవుడి మీద పెట్టి చేతులు కట్టుకు కూర్చుంటారు. మరికొందరు దేవుడితో కలిసి మోస్తున్నట్టు నడుచుకుంటారు, ప్రార్థన చేస్తారు, చేయగలిగిన పనీ చేస్తారు. ఈ మూడో ధోరణిలో ఉన్నవాళ్లు చాలావరకు మెరుగ్గా తట్టుకున్నారు.

ఒడిశా తీరానికి ఇది పుస్తకాల మాట కాదు. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చేసరికి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. ఆ రెండు రాత్రుల్లోనూ ప్రార్థించినవాళ్లు ఉన్నారు. హెచ్చరిక వినగానే మూటాముల్లె సర్దుకుని షెల్టరుకు నడిచి, అక్కడ కూర్చుని ప్రార్థించినవాళ్ల విశ్వాసం ఇంట్లోనే ఉండిపోయినవాళ్ల విశ్వాసం కంటే తక్కువదని ఎవరనగలరు?

పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. 55 ఏళ్లు దాటిన దాదాపు 600 మంది ఆసుపత్రి రోగులను వాళ్లు రెండేళ్లు గమనించారు. దేవుడు తమను విడిచిపెట్టాడని, తమను ప్రేమించడం లేదని, ఈ జబ్బు సైతాను పని అని మనసులో నలిగిపోయినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు తీవ్రత లాంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. అంటే అదే విశ్వాసం ఒకరికి ఊతకర్ర అవుతుంది, మరొకరి ఛాతీ మీద బండ అవుతుంది. ఏది ఏమవుతుందన్నది ఆ మనిషి చెవిలో చుట్టూ ఉన్నవాళ్లు ఏ మాట వేస్తారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

తిత్లీ రాత్రి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గజపతి జిల్లా బారఘర దగ్గర, వానకు తలదాచుకోవడానికి కొండ కింద గుహలాంటి చోటికి చేరినవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. పది మందికి పైగా చనిపోయారు. ఆశ్రయం అనుకున్నదే మీద పడింది. 2011 జనగణన ప్రకారం ఒడిశా జనాభాలో క్రైస్తవులు మూడు శాతం కూడా లేరు, గజపతి జిల్లాలో మాత్రం దాదాపు 38 శాతం, అందులో సవరలు చాలామంది. ‘పర్వతములు మునిగినను’ భయపడబోమని చెప్పే 46వ కీర్తనను ఆ కొండల్లో పాడుకునే గుడులు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట అలాంటి చావు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పడం పాపమేనని చెప్పాలి.

అలాంటి ప్రశ్న యేసు ముందుకూ వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరి కంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని ఆయన సూటిగా చెప్పాడు. అయినా ఇంట్లో జబ్బు చేయగానే ‘ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకో’ అనేవాళ్లు, పంట పోతే ‘దశమభాగం సరిగ్గా ఇచ్చారా’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ మాట మాత్రం మంచం పట్టిన మనిషిని ఇంకా లోతుకు నెట్టేస్తుంది.

క్రైస్తవులైనందుకే వచ్చిపడ్డ భయం కూడా ఈ నేలకు తెలుసు. 2008 ఆగస్టులో కంధమాల్‌లో హింస చెలరేగి వేల కుటుంబాలు అడవుల్లోకి, శిబిరాల్లోకి పరుగెత్తినప్పుడు పక్కనున్న గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, కొరాపుట్ వైపూ ఆ సెగ తగిలింది. ఆ రోజుల్లో ‘భయపడకుడి’ అన్న మాట వేదిక మీద చెప్పడం సులువు కాదు, వినడం అంతకంటే కష్టం. ఒకరి ఇంట్లో ఒకరు తలదాచుకోవడం, రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండడం, ఇవే అప్పుడు ప్రార్థనకు రూపాలయ్యాయి.

మాత్రలు మానేయడం విశ్వాసానికి గుర్తని చెప్పే స్వస్థత కూటాల గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. బీపీ మాత్ర, మూర్ఛ మాత్ర, డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఏ డాక్టరైనా చెబుతారు. ఈ ప్రాంతపు సంఘ చరిత్రలో విశ్వాసానికీ వైద్యానికీ పోటీ ఎన్నడూ లేదు. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు కొరాపుట్ వైపు పని మొదలుపెట్టారు. కెనడా బాప్టిస్టులు పర్లాకిమిడి వైపు సంఘాలతో పాటు సెరంగోలో ఆసుపత్రి పెట్టారు. బిస్సంకటక్‌లో డెన్మార్క్ డాక్టరు లిస్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. ప్రార్థన చేసి సూది మందు వేసే నర్సులను చూస్తూ పెరిగిన ఊళ్లు ఇవి. సూది వద్దు, ప్రార్థన చాలు అనడం ఈ నేలకు పరాయి మాట.

మనసు జబ్బు విషయంలో ఇది ఇంకా అవసరం. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పోయి, దేని మీదా ఇష్టం లేకుండా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ఉపవాస ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒడియాతో పాటు తెలుగులోనూ మాట్లాడవచ్చు. చర్చి గోడ మీద ఆదివారం వాక్యం రాసే బోర్డు కింద ఈ నంబరు రాసి ఉంచడానికి ఒక చాక్‌పీసు ముక్క సరిపోతుంది.

విశ్వాసం ఆసరా అయ్యేటప్పుడు అది ఏ దారిలో పనిచేస్తుందన్నది కొంతవరకు తెలిసిన విషయమే. 2001లో ఇటలీలో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పినప్పుడు ఊపిరి నిమిషానికి ఆరుసార్ల వేగానికి దిగింది, గుండె, రక్తపోటు లయ కుదుటపడ్డాయి. యోగ మంత్రం జపించినప్పుడూ సరిగ్గా అదే జరిగింది. కాబట్టి అది క్రైస్తవానికి మాత్రమే చెందిన మహిమ అనలేం. కానీ సాగదీసి పాడే పాత తెలుగు కీర్తనలు ముసలివాళ్లకు ఎందుకంత హాయిగా ఉంటాయో దాన్నిబట్టి కొంచెం అర్థమవుతుంది. పల్లవి చివర ఊపిరి వదిలేసరికి భుజాలు దిగుతాయి.

రెండోది తోడు. అమెరికాలో దాదాపు 90 వేల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2016లో వెలువడింది. వారానికి ఒక్కసారైనా ఆరాధనకు వెళ్లిన స్త్రీలలో ఆత్మహత్యలు, ఎన్నడూ వెళ్లనివాళ్లతో పోలిస్తే, దాదాపు ఐదో వంతే ఉన్నాయి. చర్చికి వెళ్లడమే దానికి కారణమని ఆ లెక్క ఒక్కటే రుజువు చేయదు. అయినా వారం వారం ఎవరో ఒకరు ‘పోయిన ఆదివారం రాలేదేం అమ్మా’ అని అడిగే చోటు ఒకటి ఉండడం ఎంత విలువైనదో అందులో కనిపిస్తుంది.

భాష సంగతి సరిహద్దుకు ప్రత్యేకం. పిల్లలు ఒడియాలో చదువుకుంటారు, ఆఫీసు కాగితాలు ఒడియాలో వస్తాయి, బజారులో రెండూ కలుస్తాయి. మోకాళ్ల మీద పడి ఏడ్చేటప్పుడు మాత్రం పెద్దవాళ్లకు తెలుగే వస్తుంది, అదీ ఇంటి తెలుగు. తెలుగు చదవడం రాని మనవలు అమ్మమ్మ పాటలను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడడం ఇక్కడ వింత కాదు. భాషలు కలిసే ఈ చోటు నుంచే తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్ద దిక్కు వచ్చాడు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో వందకు పైగా కీర్తనలు కట్టారు. బెంగాలీ ఇల్లు, ఒడియా గడ్డ, తెలుగు పాట. ‘మాది ఏ రాష్ట్రం, రేపు మా పిల్లలది ఏ భాష’ అని దిగులుపడే ఇళ్లకు ఈ సంగతి తెలియడం మంచిది.

సాక్ష్యాల సమయాన్ని ఎవరూ మానుకోనక్కర్లేదు. దానికి జతగా మరో అలవాటు ఇప్పటికే సంఘాల్లో ఉంది, దానికి ఆదివారం దక్కే గౌరవం మాత్రం దక్కడం లేదు. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ఇంటి ప్రార్థనలో, పాటలయ్యాక, ‘మనవులు ఏమైనా ఉంటే చెప్పండి’ అని అడుగుతారు. ఆదివారం లేవలేని మనిషి అక్కడ నోరు విప్పుతుంది. పది మందే ఉంటారు కాబట్టి గొంతు వణికినా ఫర్వాలేదు. కొన్ని చోట్ల ఆ మనవులను ఒక నోటుపుస్తకంలో రాస్తారు. వచ్చే వారం ఆ పేజీ తిప్పి, పేరు పేరునా, ఏమైంది అని అడుగుతారు. తీరినవాటికి స్తోత్రం చెప్పి గీత కొడతారు. తీరనివి కొత్త పేజీలో మళ్లీ రాస్తారు.

ఆ పుస్తకంలో ‘స్కాన్ రిపోర్టు, ఇంకా రాలేదు’ అన్న వరస మూడోసారి రాయాల్సి వచ్చినప్పుడు ఆమె కొంచెం సిగ్గుపడుతుంది. పక్కనున్న పెద్దామె ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ప్రార్థన అయ్యాక టీ ఇస్తారు. ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు తోడు ఎవరు వస్తారో, రైలు ఎన్నింటికో అక్కడే మాట్లాడుకుంటారు.